హామీదారుకు తెలియకుండా పుట్టిన డిక్రీ: ఒంగోలు వైపు ఒక పొగాకు అప్పు కేసు

హామీ సంతకం పెట్టి చిక్కుల్లో పడ్డవాళ్లు లాయరు దగ్గర కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "అప్పు తీసుకున్నవాడి మీద దావా వేసేటప్పుడు నాకు ఒక నోటీసన్నా ఇవ్వాలి కదా? ఇవ్వకుండా వేస్తే చెల్లుతుందా?" చెల్లుతుంది. ఆ మాట వినగానే చాలామంది ఇక కట్టడమే మిగిలిందనుకుని లేస్తారు. అలా లేవబోయిన ఒకాయన కేసు ఇది. ఆయనకు చెప్పకుండా అప్పుదారు మీద దావా నడిచింది, డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు తీర్పు) వచ్చింది, ఆ డిక్రీ మొత్తం కట్టమని ఆయనకు నోటీసు వచ్చింది. చివరికి ఆయన కట్టింది ఆ నోటీసులో అడిగినదాంట్లో సగం లోపే. తనకు చెప్పకపోవడం వల్ల జరిగిందన్న నష్టంలోనే ఆయనకు పనికొచ్చే బలం కొంత ఉంది. ఆ సంగతి విడమరచి చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

కక్షిదారు అనుమతి తీసుకున్నాను. ఊరి పేరు లేదు. అంకెలు, కుటుంబ వివరాలు కొంత మార్చాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న వరస మాత్రం మార్చలేదు. ఈ కేసంతా ఆ వరస మీదే నడిచింది.

అప్పు, మూడు కాగితాలు

ఒంగోలు చుట్టుపక్కల పొగాకు పండే మండలం. రైతుకు ఒక బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం), కొద్దిగా సొంత పొలం, మిగతాది కౌలు. నాట్లకు ముందే కౌలు కట్టాలి. ఆపైన నారు, ఎరువు, కూలీలు, ఆకు క్యూరింగుకు కర్ర. బ్యాంకు పంట రుణం ఉంది గానీ, వేలం కేంద్రంలో బేళ్లు అమ్మిన డబ్బులోంచి ఆ బాకీ ముందే మినహాయించుకుంటారు. చేతికొచ్చేది ఎంతో వేలం ముగిసేదాకా తెలియదు. అందుకే ఈ వైపు బ్యాంకు రుణం పక్కనే ప్రైవేటు అప్పు ఒకటి ఉండటం మామూలే.

రైతు ఒక ఫైనాన్షియర్ దగ్గర రూ.8 లక్షలు తీసుకున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. సెప్టెంబరు నెల. ఆ రోజు మూడు కాగితాలు తయారయ్యాయి. ఒకటి రైతు రాసిన ప్రాంసరీ నోటు. రెండోది స్టాంపు కాగితం మీద హామీ పత్రం: రైతు చెల్లించని పక్షంలో "తాము అడిగిన వెంటనే అసలు వడ్డీతో సహా నేను చెల్లించగలవాడను" అని. దాని మీద సంతకం పెట్టింది నా కక్షిదారు. రైతుకు తోడల్లుడు, జిల్లా పరిషత్ హైస్కూల్లో మాస్టారు, రిటైర్మెంటుకు రెండు మూడేళ్ల దూరంలో ఉన్నారు. ప్రభుత్వ జీతం ఉన్నవాళ్ల సంతకం కోసం అప్పిచ్చేవాళ్లు పట్టుబడతారు, తెలిసిన సంగతే. మూడో కాగితం గురించి మాస్టారికి అప్పట్లో తెలియదు. దాని సంగతి తర్వాత.

ఆ ఏడు వేలంలో రైతు ఆకుకు ధర పలకలేదు. పదిహేను నెలల తర్వాత డిసెంబరులో రూ.1.5 లక్షలు కట్టాడు. ఆ చెల్లు నోటు వెనక రాసి ఉంది. ఆ తర్వాత పైసా కట్టలేదు. నోటుకు మూడేళ్లు నిండబోతుండగా ఫైనాన్షియర్ రైతు ఒక్కడి మీదే దావా వేశాడు. రైతు అప్పటికే ఇంటికి తాళం వేసి హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. సమన్లు తలుపుకు అంటించారు. రైతు హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చింది. అసలు 8, మూడేళ్ల వడ్డీ 5.76, అందులోంచి చెల్లు 1.5 తీసేస్తే రూ.12.26 లక్షలు. అమలు పిటిషన్ వేసి చూశారు, రైతు పేర చేతికి దొరికే చరాస్తి ఏమీ లేదు.

అప్పుడు మాస్టారికి స్కూలు చిరునామాకు రిజిస్టర్డ్ నోటీసు వచ్చింది. ఖర్చులూ తర్వాతి వడ్డీ కలుపుకుని దాదాపు రూ.13.5 లక్షలు, 15 రోజుల్లో కట్టాలి, లేకుంటే జీతం జప్తు. ఆ కవరు స్టాఫ్ రూంలో అందరి ముందూ ఇచ్చారు. డబ్బు కన్నా ఆ సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని నాకనిపించింది.

ముగ్గురు చెప్పిన మూడు మాటలు

నా దగ్గరికి వచ్చేసరికే ఆయన చెవిలో మూడు సలహాలు పడ్డాయి. దావా సంగతి నీకు చెప్పలేదు కాబట్టి డిక్రీ చెల్లదని ఒకరు. సంతకం పెట్టి నాలుగేళ్లు దాటింది, మూడేళ్ల గడువు అయిపోయిందని ఇంకొకరు. సాక్షిగానే సంతకం పెట్టానని చెప్పెయ్, ఎవరేం చేస్తారని మూడో ఆయన, దగ్గరి బంధువే.

మూడో సలహా ముందు తీసేశాం. ఆ కాగితంలో "చెల్లించగలవాడను" అని స్పష్టంగా ఉంది, సంతకం ఆయనదే. ప్రాంసరీ నోటు కింద సాక్షి సంతకం పెట్టి ఇరుక్కున్నవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆ వాదన నిజంగానే ఉంటుంది. ఇక్కడ లేదు. ఉన్న సంతకాన్ని కాదంటే రేపు క్రాసులో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, అది విరిగిపోతుంది. దాంతోపాటు మిగతా నిజాలనూ జడ్జి నమ్మరు. మాస్టారు కూడా ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నారు. అబద్ధం చెప్పమంటానేమోనని భయపడుతూ వచ్చారాయన.

గడువు సంగతి అంత తేలిక కాదు. హామీ పత్రంలో "అడిగిన వెంటనే" అని ఉంటే, అడిగి కాదనిపించుకున్న రోజు నుంచే హామీదారు మీద గడువు మొదలవుతుందని సుప్రీంకోర్టు 2006లో సిండికేట్ బ్యాంకు, చన్నవీరప్ప బెలేరి కేసులో చెప్పింది. అయితే, అడిగే నాటికి అసలు బాకీ బతికి ఉండాలి. ఇక్కడ రైతు మీద దావా గడువులోపే పడింది, డిక్రీ అయింది, బాకీ బతికే ఉంది. మాస్టారిని అడగడం ఇప్పుడే మొదలు. కాబట్టి గడువు వాదన జవాబులో ఒక పేరాగా ఉంటుంది గానీ, దాని మీద ఇల్లు కట్టలేమని చెప్పాను.

ఇక మొదటిది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే హామీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. ముందు అప్పుదారు ఆస్తి అంతా అమ్మించాకే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. 1969లో రిపోర్టయిన బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ తీర్పు అదే చెప్పింది. దావా ఎవరి మీద వేయాలన్నది వాది ఇష్టం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 6 ప్రకారం ఒకే కాంట్రాక్టు మీద బాధ్యులైనవాళ్లలో అందరినీ చేర్చవచ్చు, కొందరినే చేర్చవచ్చు. రైతు మీద దావా వేస్తున్నానని మాస్టారికి చెప్పాల్సిన బాధ్యత ఫైనాన్షియర్‌కు చట్టంలో లేదు. హామీ పత్రంలోనూ అలాంటి షరతు రాసుకోలేదు.

"మరైతే నాకు ఒక్క ముక్క చెప్పాల్సిన పన్లేదా సార్?" అన్నారాయన.

లేదు. కానీ చెప్పనందుకు ఫైనాన్షియర్ పోగొట్టుకునేదీ ఉంటుంది. అదే నేను ఆ రోజు మాస్టారికి వివరించింది. ఆ దావాలో మాస్టారు పార్టీ కాదు. పార్టీ కానివాడి మీద ఆ డిక్రీని అమలు చేయలేరు. అమలు చేసే కోర్టు డిక్రీలో ఉన్నదాన్నే అమలు చేస్తుంది, లేని పేరును చేర్చదు. నోటీసులో జీతం జప్తు అన్నది ఆ రోజుకు ఉత్త బెదిరింపే. అంతకన్నా ముఖ్యమైనది, బాకీ ఎంతో తేలిపోయిందని చెప్పడానికి కూడా ఆ డిక్రీ మాస్టారి మీద పనికిరాదు. రైతు రాక, ప్రశ్నించేవాడు లేక వచ్చిన అంకె అది. మాస్టారి మీద కొత్త దావా వేయాలి, అసలు, వడ్డీ, చెల్లు అన్నీ మళ్లీ మొదటినుంచి రుజువు చేయాలి. అదే మొదటి దావాలో ఆయన్ని రెండో ప్రతివాదిగా చేర్చి, సమన్లు అంది, ఆయన రాకపోయి ఉంటే? 1992 నాటి స్టేట్ బ్యాంకు, ఇండెక్స్‌పోర్ట్ తీర్పు ప్రకారం రైతును పక్కనబెట్టి నేరుగా మాస్టారి జీతం మీదికే వచ్చేవాళ్లు.

మొదటి అడుగులు

ఇలాంటి కేసుల్లో కాగితాలకన్నా ముందు నేనడిగేది ఖాళీ చెక్కు ఇచ్చారా అని. ఇచ్చి ఉంటే లెక్క మారిపోతుంది. హామీదారు ఇచ్చిన చెక్కు బౌన్సైనా, దాన్ని నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ వర్తిస్తుందని 2002లో ఐసీడీఎస్, బీనా షబీర్ కేసులో తేలింది. అప్పుడు సివిల్ వాదనలన్నీ క్రిమినల్ కోర్టు నీడలో చేయాలి. మాస్టారు ఇవ్వలేదు. అడిగారట, చెక్కుబుక్కు ఇంట్లో లేదని తప్పించుకున్నారట. ఆ ఒక్క జాగ్రత్త ఆయన్ని చాలా కాపాడింది.

తర్వాత మొదటి దావా కాగితాల నకళ్లకు కాపీ అప్లికేషన్ వేశాం. ప్లెయింటు (దావా అర్జీ), నోటు రెండు వైపులా, సమన్ల రిటర్ను, తీర్పు. ప్లెయింటులో హామీ పత్రం ఊసే లేదు. మాస్టారి పేరు ఎక్కడా రాలేదు. మర్చిపోయారా, కావాలని వదిలారా అన్నది అప్పుడు అర్థం కాలేదు. చాలాకాలం తర్వాత క్రాసులో ఫైనాన్షియర్ చెప్పిన సమాధానం: "మాస్టారు మంచోరు, ఆయన్నెందుకు కోర్టు మెట్లెక్కించడమని." నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. నా అంచనా వేరు. రైతు రాడని తెలుసు, ఎదిరించేవాడు లేకుండా డిక్రీ తేలిగ్గా వస్తుందనుకుని ఉంటాడు.

నోటీసుకు జవాబు చిన్నదిగా ఇచ్చాం. సంతకం ఒప్పుకున్నాం. బాకీ మొత్తం ఒప్పుకోలేదు. పూర్తి లెక్క, నోటు నకలు, రైతు దగ్గర ఇంకా ఏవైనా కాగితాలో వస్తువులో హామీగా తీసుకుని ఉంటే వాటి వివరాలు అడిగాం. ఆ చివరి ప్రశ్న ఏదో తెలిసి వేసింది కాదు. ప్రతి హామీ కేసులోనూ వేస్తాను. అప్పిచ్చేవాడు ఒక్క సంతకంతో ఊరుకోడు, ఇంకేదో పట్టుకునే ఉంటాడన్నది అనుభవం. లెక్క వచ్చింది గానీ ఆ ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. అక్కడ నాకు అనుమానం మొదలైంది.

ఫలించని దారి

మాస్టారి బాధ్యత రైతు బాధ్యతకు నీడ లాంటిది. అసలు తగ్గితే నీడా తగ్గుతుంది. అందుకని ముందు రైతు చేత ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయించే ప్రయత్నం చేశాం. దానికి దారి చూపే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 ప్రతివాదికే. మాస్టారు పార్టీ కాదు గనక ఆయన వేయలేరు. రైతు వేయాలి. సమన్లు తాళం వేసిన ఇంటికి అంటించారు కాబట్టి, అది సరైన సర్వీసు కాదని చూపించగలిగితే, తెలిసిన రోజు నుంచి 30 రోజుల గడువు లెక్కపెట్టవచ్చు. డిక్రీ పోతే రైతు కోర్టుకొచ్చి, తాను వ్యవసాయదారుణ్నని చెప్పి, ఈ ప్రాంతానికి వర్తించే 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం కింద 24 శాతం వడ్డీని తగ్గించమని అడగవచ్చు. రైతు రాకపోతే ఆ వాదన చేసేవాడే లేడు.

ఆ పిటిషన్ నేను వేయలేదు, రైతును వేరే లాయరు దగ్గరికి పంపాను. ఇవాళ తోడల్లుళ్లిద్దరూ ఒక వైపు నిలబడినా, రేపు మాస్టారు కట్టిన డబ్బు రైతు దగ్గరే రాబట్టుకోవాలి. ఇద్దరికీ ఒకే వకాల్తా కుదరదు.

రైతు వచ్చాడు, సంతకాలు పెట్టాడు, అఫిడవిట్ ఇచ్చాడు. తీరా సాక్ష్యం చెప్పాల్సిన వాయిదాలకు రాలేదు. ఫోను ఎత్తడం మానేశాడు. పిటిషన్ కొట్టేశారు. పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడించిన ప్రయత్నం కూడా అలాగే పోయింది. ఫైనాన్షియర్ వడ్డీలో ఒక్క రూపాయి తగ్గనన్నాడు, రైతు అసలు కూర్చోలేదు.

అది పోయిందని మాస్టారు కుంగిపోయారు. నాకు మాత్రం అంత దిగులు అనిపించలేదు. డిక్రీ రద్దయితే పాత దావా మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు ఫైనాన్షియర్ మాస్టారిని అందులో చేర్చమని అడగకుండా ఉండడు. రైతు మీద డిక్రీ నిలిచి ఉంటే, మాస్టారు కట్టాల్సి వచ్చిన రోజున అదే డిక్రీ ఆయన చేతికి రావచ్చు. ఈ రెండో ఆలోచన అప్పటికి సగమే తోచింది.

ట్రంకు పెట్టెలో రసీదు

రైతు భార్య, మాస్టారికి మరదలు, ఊళ్లోకి వచ్చింది. బావ జీతం మీదికి వచ్చిందని విని, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక సంచిలో వేసి పంపింది. ఎరువుల బిల్లులు, పొగాకు బోర్డు స్లిప్పులు, పెళ్లి శుభలేఖలు. వాటి మధ్య ఫైనాన్షియర్ చేతిరాతతో, సంతకంతో రెండు చీటీలు.

మొదటిది నోటు రాసిన రోజుదే. అప్పుకు హామీగా ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రక్కు రాసిచ్చినట్టు, వాటి ఆర్‌సీ, రైతు సంతకాలు చేసిన 29, 30 నంబరు ఫారాలు (బండిని వేరొకరి పేరుకు మార్చేవి) అందినట్టు. ఇదే ఆ మూడో కాగితం. రెండోది డిసెంబరుది. రూ.1.5 లక్షలు ముట్టినందున ఆర్‌సీ, ఫారాలు వాపసు చేసినట్టు, మిగతా బాకీకి వచ్చే వేలం ముగిసేదాకా గడువు ఇచ్చినట్టు. ఆ ఫిబ్రవరిలో రైతు ట్రాక్టరు అమ్మేశాడు. రవాణా శాఖ రికార్డులో బదిలీ తేదీ దొరికింది. అమ్మిన డబ్బు వేరే బాకీలకు పోయింది.

ఇక్కడ తేదీల సంగతి జాగ్రత్తగా చూడాలి. కాంట్రాక్టు చట్టం 141వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడు తన చేతిలో ఉన్న సెక్యూరిటీని హామీదారు సమ్మతి లేకుండా వదులుకుంటే, దాని విలువ మేరకు హామీదారు బాధ్యత తీరిపోతుంది. 1968లో అమృత్‌లాల్ గోవర్ధన్ లాలన్ కేసులో తాకట్టు సరుకు తక్కువైన మేరకు, 1980లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ సౌరాష్ట్ర కేసులోనూ ఈ సెక్షన్ కిందే హామీదారుకు ఊరట దొరికింది. అయితే సెక్షన్ మాట్లాడేది హామీ రాసుకున్న నాటికి ఉన్న సెక్యూరిటీ గురించి. ట్రాక్టరు కాగితాలు ఏడాది తర్వాత, బాకీ పేరుకున్నాక తీసుకుని ఉంటే ఈ సెక్షన్ నేరుగా అందదు. హామీదారుకు ఆ సెక్యూరిటీ ఉందని తెలిసినా తెలియకపోయినా ఒకటే అని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. అందుకే మాస్టారికి అప్పట్లో తెలియకపోవడం అడ్డు కాలేదు. రసీదు మీద తేదీ, నోటు మీద తేదీ ఒకటే కావడం నాకు ఆ సంచిలో దొరికిన అసలు విషయం.

రెండో చీటీ ఇంకా పదునైనది, కాకపోతే రెండు వైపులా కోస్తుంది. హామీదారు ఒప్పుకోకుండా అప్పుదారుకు గడువు ఇస్తూ అప్పిచ్చినవాడు ఒప్పందం చేసుకుంటే, 135వ సెక్షన్ కింద హామీదారు పూర్తిగా విడుదలవుతాడు. కానీ 137వ సెక్షన్ ఉంది: ఊరికే ఓపిక పట్టి దావా వేయకుండా ఆగితే విడుదల కాడు. డిసెంబరు చీటీ ఒప్పందమా, ఉత్త ఓపికా? అప్పటికే బాకీపడ్డ డబ్బులో కొంత కట్టినందుకు ఇచ్చిన గడువుకు ప్రతిఫలం ఏముందని అవతలి లాయరు అడుగుతారు. ఆర్‌సీ వాపసు, చెల్లు, గడువు మూడూ ఒకే కాగితంలో ఒకదానికొకటి బదులుగా ఉన్నాయి కదా అని మేమంటాం. ఇది గెలుస్తుందని మాస్టారికి నేను మాటివ్వలేదు. అవతలివాళ్లకు నిద్ర పట్టకుండా చేసేంత బలం ఉందన్నాను, అంతే.

బ్యాంకు అచ్చు ఫారమై ఉంటే ఈ వాదనలు చాలావరకు పుట్టేవే కావు. బ్యాంకుల గ్యారంటీ పత్రాల్లో 133 నుంచి 141 దాకా హామీదారుకున్న హక్కులు వదులుకుంటున్నట్టు ముందే రాసి ఉంటుంది. ఇక్కడ ఊరి దస్తూరి రాసిన అరపేజీ పత్రం. అందులో అలాంటి మాట ఒక్కటీ లేదు.

రెండో దావా, బేరం

ఫైనాన్షియర్ హామీ పత్రం మీద మాస్టారి ఒక్కరి మీదే దావా వేశాడు. రైతును కూడా చేర్చమని పిటిషన్ వేద్దామా అని ఆలోచించాం. వేయలేదు. రైతు మీద డిక్రీ ఎలాగూ ఉంది. చేర్చినా రాడు, సర్వీసు పేరుతో ఏడాది పోతుంది. పైగా ఇద్దరి మీదా కలిపి ఇంకో డిక్రీ పుట్టడం మాకు నచ్చలేదు. ఎందుకో కింద చెబుతాను.

జవాబు దావాలో రెండు చీటీల సంగతీ పూర్తిగా రాశాం. క్రాసులో బయటపెట్టి ఆశ్చర్యపరుద్దామన్న కోరిక జూనియర్లకు ఉంటుంది. ప్లీడింగులో, అంటే కోర్టుకు రాసిచ్చిన జవాబులో, లేని వాదనకు సాక్ష్యం నిలవదు. చీటీల మీద సంతకాలు కాదనడానికి ఫైనాన్షియర్ కొంత తటపటాయించాడు గానీ, ఆయన సొంత లెక్కల పుస్తకం హాజరుపరచమని నోటీసు ఇచ్చాక ఆ దారి మూసుకుపోయింది. క్రాసులో రెండూ ఒప్పుకున్నాడు. ట్రాక్టరు పాతదని, దానికి విలువే లేదని మాత్రం వాదించాడు. బదిలీ కాగితాలు, కొన్నాయన సాక్ష్యం చూస్తే ట్రక్కుతో కలిపి రూ.3 లక్షలు పలికింది.

ఆ తర్వాత బేరం దానంతటదే మొదలైంది. ఫైనాన్షియర్ వైపు నుంచి లెక్క వేసి చూడండి. మాస్టారి మీద గెలిచినా జీతంలో మొదటి రూ.1000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తుకు అందవు. మినహాయింపు అలవెన్సులు తీసేశాక జీతం లక్ష అనుకుంటే నెలకు రూ.33 వేలు. ఒక డిక్రీ కింద 24 నెలలకు మించి జీతం జప్తు కుదరదు. ఈలోగా రిటైరైతే ప్రభుత్వ పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు ముట్టుకోలేరు. ఓడిపోతే, అంటే 135 వాదన నెగ్గితే, సున్నా. మా వైపు భయమూ చిన్నది కాదు. మాస్టారికి ఒంగోల్లో ఇల్లుంది, దానికి ఏ మినహాయింపూ లేదు.

మేం వేసుకున్న అంకె ఇది. వడ్డీ 12 శాతంగా తీసుకుంటే మూడేళ్లకు 2.88 లక్షలు. అసలుతో 10.88. చెల్లు 1.5, ట్రాక్టరు 3 తీసేస్తే 6.38. లోక్ అదాలత్‌లో రూ.6.5 లక్షలకు తెగింది. 2.5 వెంటనే, మిగతా 4 లక్షలు నెలకు 50 వేల చొప్పున ఎనిమిది వాయిదాల్లో. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, వాదికి కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆ ఫీజు వాపసు మాట చివరి అరలక్ష దగ్గర బాగా పనిచేసింది.

ఈసారి నోటీసు మేం పంపాం

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రైతుకు రిజిస్టర్డ్ నోటీసు పంపించాను. వాట్సాప్‌లో కూడా. ఇంత మొత్తానికి సర్దుబాటు చేసుకుంటున్నాం, అభ్యంతరం ఉంటే, ఇంకేమైనా చెల్లు రసీదులుంటే ఈ తేదీలోగా చూపించండి అని. మాస్టారికి అది నచ్చలేదు. "వాడికి చెప్పేదేంటి సార్?" అన్నారు.

కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ హామీదారుకు రైతు దగ్గర రాబట్టుకునే హక్కు ఇస్తుంది, న్యాయంగా కట్టినంత వరకే. రేపు రైతు "నేను ఇంకో లక్ష కట్టాను, మా తోడల్లుడు నన్నడక్కుండా కట్టేశాడు" అంటే ఆ లక్ష మాస్టారి నెత్తిన పడుతుంది. ముందే చెప్పి, జవాబు రాకపోతే ఆ వాదన నీరుగారిపోతుంది. సరైన కారణంతో దావా ఎదిరించాం కాబట్టి అందుకైన ఖర్చు కూడా రైతు నుంచి వసూలు చేసుకోవచ్చు. రైతు నుంచి జవాబు రాలేదు, నోటీసు అందినట్టు అక్‌నాలెడ్జిమెంటు మాత్రం ఉంది.

ఒప్పందంలో మేం పట్టుబట్టిన షరతు ఒకటే. చివరి వాయిదా ముట్టిన రోజున, రైతు మీద ఉన్న పాత డిక్రీని ఫైనాన్షియర్ మాస్టారికి రాతపూర్వకంగా బదలాయించాలి. 145 కింద కొత్త దావా వేయాలంటే మూడేళ్ల గడువు, మళ్లీ కోర్టు ఫీజు, మళ్లీ సమన్లు, మళ్లీ తాళం వేసిన ఇల్లు. డిక్రీ బదిలీ అయితే దాని అమలుకున్న 12 ఏళ్లలో మిగిలిన కాలమంతా అమలు చేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 16 దీనికి దారి. ఆ రూల్‌కు ఒక మినహాయింపు ఉంది: ఇద్దరు ముగ్గురి మీద కలిపి వచ్చిన డబ్బు డిక్రీని వాళ్లలోనే ఒకరికి బదలాయిస్తే, అతను మిగతావాళ్ల మీద అమలు చేయలేడు. మాస్టారిని మొదటి దావాలో రెండో ప్రతివాదిగా చేర్చి ఉంటే సరిగ్గా ఈ మినహాయింపే అడ్డొచ్చేది. ఆయనకు చెప్పకుండా, ఆయన్ని చేర్చకుండా తెచ్చుకున్న డిక్రీ గనక అది ఏ అడ్డూ లేకుండా ఆయన చేతికొచ్చింది. రెండో దావాలో రైతును చేర్చకపోవడానికి కారణమూ ఇదే.

డిక్రీ రూ.12.26 లక్షలకు, మాస్టారు కట్టింది 6.5. పూర్తి మొత్తం వసూలు చేసుకోవచ్చు కదా అని ఎవరో ఆశపెట్టారు. హామీదారుగా కట్టినంతే రావాలి. మించి అడిగితే ఈపీలో (అమలు పిటిషన్‌లో) అభ్యంతరం తప్పదు, కుటుంబంలోనూ బాగుండదు. తాను కట్టినది, ఖర్చులు, దానిపై మామూలు వడ్డీ వరకే వసూలు చేసుకుంటానని మాస్టారే బదిలీ పత్రంలో రాయించారు.

ఆ తర్వాత నా పద్ధతిలో మారినవి

ఎవరైనా హామీ ఉన్నానని, అప్పుదారు కట్టడం లేదని చెబితే, ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అప్పుదారు పేరుతో జిల్లా కోర్టుల్లో వెతికించడం ఇప్పుడు మొదటి పని. దావా కనబడితే వెంటనే పార్టీగా చేరమని మాత్రం అందరికీ చెప్పను. చేరితే లెక్క మీద ప్రశ్నించవచ్చు, అప్పుదారు రాకపోయినా వాదించవచ్చు. కానీ ఆ డిక్రీ మీకూ కట్టుబడుతుంది. సెక్యూరిటీ వదిలేశారన్న ఆధారం చేతిలో ఉంటే చేరడం మేలు. ఏమీ లేకపోతే బయట ఉండి, అప్పుదారును కోర్టుకు పంపడం మేలు. రెంటికీ మధ్య ఏది ఎంచుకోవాలో హామీ పత్రం చదవకుండా చెప్పలేం.

తాకట్టు ఆస్తిని కోర్టు దావా లేకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు వెళ్తే పరిస్థితి వేరు. ఆ చట్టంలో రుణగ్రహీత అన్న నిర్వచనంలోనే హామీదారు ఉన్నాడు. 13(2) కింద 60 రోజుల నోటీసు హామీదారుకూ రావాలి. సివిల్ దావాలో లేని రక్షణ అక్కడుంది. హామీ ఉన్నవాళ్లు ఆ నోటీసును "మాకు సంబంధం లేదు" అని వాపసు పంపేస్తుంటారు. తీసుకోండి, 60 రోజుల్లో అభ్యంతరం రాయండి.

ప్రైవేటు హామీ పత్రం రాయించేటప్పుడు రెండు వాక్యాలు చేర్పిస్తున్నాను. అప్పుదారు వాయిదా తప్పిన నెలలోపు, అతని మీద దావా వేసిన పదిహేను రోజుల్లోపు హామీదారుకు రాతపూర్వకంగా పోస్టులో తెలియజేయాలి. హామీగా తీసుకున్న ఏ వస్తువునైనా, కాగితాన్నైనా హామీదారు సంతకం లేకుండా వాపసు ఇవ్వకూడదు. అప్పిచ్చేవాళ్లు మొదటిదానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు. రెండోదానికి ముఖం చిట్లిస్తారు. అప్పుడు హామీ ఉండబోయే మనిషిని పక్కకు పిలిచి, అసలు అప్పుకు ఇంకేం పెట్టుకున్నారో ముందు కనుక్కోమంటాను.

మాస్టారు వేసిన ఈపీలో రైతుకు నోటీసు వెళ్లింది. ఊళ్లో ఉన్న ఇంటిస్థలం జప్తు అడిగాం. హైదరాబాదులో ఉన్న కొడుకు హాజరై నెలకు ఇంతని కడతామని రాసిచ్చాడు. ఈపీ మూసేయించలేదు, కట్టిన ప్రతి నెలా మెమో వేయిస్తున్నాం.